వెనుక వరుసలో కూర్చున్న సహోదరి



ఈ నెల మేము వ్రాయబోవు సంగతి ప్రసంగ వేదిక మీద నుండి ఎన్నడూ చెప్పినది కాదు. ఇంట్లో తల్లి కూతురితో కూడా చెప్పుకొనని సంగతి. దగ్గినా, తుమ్మినా, గట్టిగా నవ్వినా, బరువు ఎత్తినా, స్త్రీలకు తమ ప్రమేయం లేకుండా మూత్రం జారిపోవుట అనే బాధను గూర్చి వ్రాస్తున్నాము. సంఘకాపరి వ్రాయవలసిన విషయమేనా ఇది అని కొందరు అనుకోవచ్చును. మేమూ మొన్నమొన్నటి వరకు అలాగే అనుకున్నాము. అలా అనుకొన్నందువలన మా సంఘంలో ఒక సహోదరిని ఎంత గాయపరచామో చెబుతాము. చదివిన తరువాత మీరే తీర్పు తీర్చండి. ఆమె అనుమతి తీసుకొనియే, పేరు గాని ఊరు గాని చెప్పకుండా వ్రాస్తున్నాము.

మా సంఘం దేవరకొండ నుండి కల్వకుర్తి వైపు పోయే ప్రాంతంలో, నల్లగొండ నేలా పాలమూరు నేలా ఒకదానినొకటి తాకే మెట్ట పొలాల మధ్య ఉన్నది. 2016లో జిల్లాలు విడిపోయి కల్వకుర్తి నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినా, మా పెద్దలు ఇప్పటికీ పాలమూరు అనే అంటారు. పత్తి, కంది, ఆముదం పండే చోటు. వానలు లేని ఏడు మగవారితో పాటు ఆడవారు కూడా మూట కట్టుకొని వలస పోయిన చోటు.

ఆ సహోదరి మా సంఘంలో పాటకు ముందు ఉండే మనిషి. కీర్తన ఎత్తుకొంటే మందిరం బయట వేపచెట్టు క్రింద ఉన్నవారు కూడా లోపలికి వచ్చేవారు. నలుగురు బిడ్డల తల్లి. ఎప్పుడూ ముందు వరుసలో, చాప మీద, ఆడవారి వైపు కూర్చునేది. కొన్నాళ్ళకు ఆమె వెనుక వరుసకు జరిగింది. తరువాత గుమ్మం దగ్గరకు జరిగింది. పాట పాడుట మానింది. అందరూ మోకాళ్ళూనినప్పుడు ఆమె లేచి బయటికి పోయేది. చివరకు ప్రభురాత్రి భోజనపు ఆదివారం కూడా రాకపోయింది.

మేము ఏమనుకున్నామో దాచకుండా ఒప్పుకుంటున్నాము. ఈమె భక్తి చల్లారిపోయింది, పెద్ద కొడుకు పట్నంలో సంపాదిస్తున్నాడు గనుక లోకాశ పట్టుకున్నది, అనుకున్నాము. ఒక ఆదివారం ఆమె వచ్చినప్పుడు, హెబ్రీ పత్రిక పదవ అధ్యాయం తీసి, సమాజముగా కూడుట మానుకొనే వారిని గూర్చి గట్టిగా బోధించాము. పేరు చెప్పలేదు. కాని గుమ్మం వైపు చూచి చెప్పాము. ఆమె తల వంచుకొన్నది. మరుసటి వారం నుండి రానేలేదు.

మూడు వారాలైన తరువాత మా సహధర్మచారిణితో కలిసి వారి ఇంటికి వెళ్ళాము. ఆమె గొడ్ల కొట్టం దగ్గర ఉన్నది. మమ్మును చూచి మంచం వేయించింది, నీళ్ళు ఇచ్చింది. తాను మాత్రం దూరంగా నిలువబడింది. ఏమమ్మా, మందిరానికి వస్తలేవేమి అని అడిగితే, "పానం బాగుంటలేదు అయ్యగారూ" అన్నది, అంతే. మా ఇంటి అమ్మగారు లేచి ఆమెతో పాటు కొట్టం వెనుకకు వెళ్ళింది. చాలాసేపటికి ఇద్దరూ తిరిగి వచ్చారు. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నవి. ఆమె మా భార్యతో చెప్పిన మాటలు ఇవి:

"అమ్మగారూ, దగ్గొస్తే ఆగుతలేదు. తుమ్మినా అంతే, బిందె ఎత్తినా అంతే. ఆరేండ్ల సంది గిట్లనే ఉన్నది. మోకాళ్ళ మీదికెళ్ళి లేస్తుంటే చీర తడుస్తది. పక్కన కూసున్నోళ్ళకు వాసనొస్తదేమోనని నేనే ఎనకకు జరిగిన. గట్టిగ పాడితే కూడా జారుతది, అందుకే పాట బంద్ చేసిన. అయ్యగారు ఆ దినం చెప్పింది నా గురించేనని నాకెర్కే. అందరి ముంగట ఏమని జెప్పాలె?"

ప్రియులారా, ఏలీ యాజకుడు మందిరపు ద్వారబంధము నొద్ద కూర్చుండి, పెదవులు మాత్రము కదిలించుచు ప్రార్థన చేయుచున్న హన్నాను చూచి, త్రాగి మత్తురాలై యున్నదని తలంచిన సంగతి 1 సమూయేలు మొదటి అధ్యాయంలో మనకు తెలుసు. వేదాంత కళాశాలలో చదివే రోజులలో ఆ భాగాన్ని గూర్చి పరీక్షలో పుటలకు పుటలు వ్రాశాము, మంచి మార్కులే వచ్చాయి. కాని ఏలీ స్థానంలో మేమే కూర్చున్న దినాన మేము గుర్తుపట్టలేదు. ఆ సాయంత్రం ఆమె ఇంటి ముందు నిలువబడి, అమ్మా మమ్మును క్షమించు అని అడిగాము. ఆమె కంగారుపడి, "అయ్యో, గట్లనకుండ్రి అయ్యగారూ" అన్నది.

కథ అక్కడ ఆగి ఉంటే ఇది వ్రాయవలసిన పని లేదు. ఆమె మరొక మాట కూడా చెప్పింది. పక్క ఊరి ఆర్ఎంపీ ఒకాయన, గర్భసంచి జారింది, తీసివేయాలి, లేకపోతే రేపు క్యాన్సరు అవుతుంది అని చెప్పాడట. పట్నంలో తనకు తెలిసిన దవాఖాన ఉన్నదట. ఆ ఖర్చు కొరకు ఆమె భర్త ఇంట్లో ఉన్న ఒక్క పాడి బర్రెను వచ్చే అంగడిలో అమ్మడానికి మాట ఇచ్చివేశాడు. ఆ బర్రె పాలతోనే చిన్న కూతురి కాలేజీ ఖర్చు నడుస్తున్నది.

అంగడికి ఆరు దినములు ఉన్నవి. ఒక్కసారి ప్రభుత్వ పెద్దాసుపత్రిలో చూపించి, ఆ తరువాత బర్రె సంగతి చూద్దామని ఆమె భర్తను బ్రతిమాలాము. మొదట ఒప్పుకోలేదు. "ఆడోళ్ళ రోగాలల్ల మీకెందుకు అయ్యగారూ" అన్నాడు. ఆమె మా సంఘ సభ్యురాలు, మా అక్కవంటిది, అందుకే అన్నాము. చివరకు ఒప్పుకున్నాడు. మా భార్య, ఆమె, ఆమె భర్త, మేము, నలుగురం బస్సు ఎక్కాము. దారి పొడుగునా ఆమె ఒక్క గుక్క నీళ్ళు త్రాగలేదు. ఎందుకో అప్పుడు అర్థమైనది.

అక్కడి స్త్రీల వైద్యురాలు తొందరపడలేదు. ఎన్ని కాన్పులు, ఇంట్లోనా ఆసుపత్రిలోనా, ఎంతసేపు నొప్పులు పడ్డావు, మలబద్ధకం ఉన్నదా, దగ్గు ఎన్నాళ్ళ నుండి ఉన్నది అని వరుసగా అడిగింది. మూత్ర పరీక్ష, షుగరు పరీక్ష చేయించింది. మూత్రం నిండుగా ఉన్నప్పుడు దగ్గించి చూచింది. దగ్గు చాలా కాలం నుండి ఉన్నదని విని కళ్ళె పరీక్ష కూడా చేయించింది. క్షయ లేదని తేలింది. గర్భసంచిని పరీక్షించి, ఇది తన చోటనే ఉన్నది, తీయవలసిన పని లేదు అని చెప్పింది. ఆ మాట విని ఆమె భర్త అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

తరువాత ఆ వైద్యురాలు మా అందరికీ అర్థమగునట్లు చెప్పిన సంగతిని మా మాటలలో వ్రాస్తున్నాము. మన ఇళ్ళలో నులక మంచం ఉంటుంది కదా. స్త్రీ నడుము ఎముకల నడుమ, అడుగుభాగాన, కండరములు అలాగే నులక అల్లినట్లు ఉంటాయి. మూత్రసంచి, గర్భసంచి, పెద్దప్రేవు చివరిభాగం వాటి మీద ఆని ఉంటాయి. మూత్రం వచ్చే దారిని బిగించి పట్టుకొనేది కూడా ఆ కండరములే. కాన్పులో బిడ్డ తల ఆ నులకను సాగదీసుకొని బయటికి వస్తుంది. ఎక్కువ కాన్పులు, గంటల తరబడి నొప్పులు, పెద్ద బిడ్డ, బాలింతగా ఉన్నప్పుడే బరువు పనులు, ఇవన్నీ నులకను వదులు చేస్తాయి. ముట్లు ఆగిపోయే వయస్సులో ఆ భాగం ఇంకా బలహీనపడుతుంది. అప్పుడు దగ్గినా తుమ్మినా కడుపులో పుట్టిన ఒత్తిడి మూత్రసంచి మీద పడి, వదులైన దారి గుండా మూత్రం జారుతుంది. ఇది శాపము కాదు. పాపఫలము కాదు. ఎవరో చేసిన చేతబడి అసలే కాదు. మోకాలు అరిగినట్టే, నడుము పట్టినట్టే, ఇది శరీరపు బాధ.

మా ప్రాంతపు స్త్రీలను తలంచుకొంటే ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడు లేని మంచినీళ్ళ కోసం ఒకప్పుడు ఎంత దూరం బిందెలు మోశారో మన తల్లులకు తెలుసు. పాలమూరు నుండి వలస పోయిన స్త్రీలు బిడ్డను కన్న కొద్ది దినములకే మన్ను తట్టలు ఎత్తారు. మిషన్ భగీరథ నల్లాలు వచ్చిన తరువాత బిందె బరువు తగ్గింది గాని, పత్తి బస్తా, గడ్డిమోపు, కట్టెల మోపు తగ్గలేదు.

ఈ బాధకు చికిత్స మెట్లు మెట్లుగా ఉంటుందని, క్రింది మెట్టు ఎక్కకుండా పై మెట్టుకు దూకకూడదని వైద్యురాలు చెప్పింది. మొదటి మెట్టు కసరత్తు. వదులైన నులకను బిగించుకొనుట. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా దేశపు స్త్రీల వైద్యుడు 1948లో దీనిని వైద్యలోకానికి వివరించి వ్రాశాడు. దీనికి ఖర్చు లేదు, మందు లేదు, యంత్రము లేదు. విధానం ఇది:

నలుగురిలో ఉన్నప్పుడు అపానవాయువు బయటికి రాకుండా ఎలా బిగపడతామో, మూత్రం మధ్యలో ఆపవలసి వస్తే ఎలా బిగిస్తామో, ఆ రెండు చోట్లనూ కలిపి లోపలికి, పైకి లాగినట్టు బిగించవలెను. మనసులో అయిదు లెక్కపెట్టి, మెల్లగా వదలి, మళ్ళీ అయిదు లెక్కపెట్టేంత సేపు విశ్రాంతి తీసుకోవలెను. ఇలా ఒక్కొక్క విడతకు ఎనిమిది నుండి పది సార్లు, దినమునకు మూడు విడతలు. కడుపును, తొడలను, పిరుదులను బిగించకూడదు. ఊపిరి బిగపట్టకూడదు. క్రిందికి ముక్కకూడదు. మొదట పండుకొని, అలవాటైన తరువాత కూర్చుండి, ఆ పైన నిలువబడి చేయవచ్చును. బలం వచ్చిన కొలది అయిదును పదికి పెంచుకోవచ్చును. దగ్గు వస్తున్నదని తెలిసినప్పుడు, బరువు ఎత్తబోయే ముందు, ముందుగానే బిగించుట నేర్చుకొంటే చాలా మేలు. ఏ కండరమో గుర్తుపట్టుటకు ఒకటి రెండు సార్లు మూత్రాన్ని మధ్యలో ఆపి చూడవచ్చును గాని, దానినే కసరత్తుగా చేసుకోకూడదు. అలా చేస్తే మూత్రసంచి సరిగా ఖాళీ కాదు.

కనీసం మూడు నెలలు విడువకుండా చేయాలని, తరువాత కూడా పూర్తిగా మానవద్దని వైద్యురాలు గట్టిగా చెప్పింది. దానియేలు దినమునకు మూడు మారులు మోకాళ్ళూని ప్రార్థించేవాడు. మా భార్య ఆ లెక్కనే ఆమెకు నేర్పింది. తెల్లవారు ప్రార్థన తరువాత ఒకసారి, చేనులో సద్ది తిన్న తరువాత ఒకసారి, రాత్రి కుటుంబ ప్రార్థన తరువాత ఒకసారి.

అంతా సాఫీగా జరిగిందని చెప్పము. నెల గడిచినా మార్పు కనబడలేదు. "దేవుడు కూడా ఇంటలేడు అమ్మగారూ, బర్రెను అమ్ముకున్నా బాగుండు" అన్నది. ఆమె భర్త మమ్మును చూచి ముఖం తిప్పుకున్నాడు. మేము తప్పుదారి చూపించామేమో అని మాకే భయం వేసింది. తిరిగి ఆ వైద్యురాలి దగ్గరకు తీసుకొని వెళితే, పరీక్ష చేసి, నీవు పైకి లాగవలసినదానిని క్రిందికి ముక్కుతున్నావు అని చెప్పి సరిచేసింది. తమకు తాము నేర్చుకొనేవారిలో చాలామంది చేసే పొరపాటు ఇదేనట. కాబట్టి మొదటిసారి ఒక వైద్యురాలి చేతనో, నర్సు చేతనో, ఫిజియోథెరపీ తెలిసినవారి చేతనో సరిచూపించుకొనుట అవసరం.

కసరత్తుతో పాటు కొన్ని అలవాట్లు కూడా మార్చుకోవలసి వచ్చింది. ఆమె దగ్గుకు కారణం కట్టెల పొయ్యి పొగ. గ్యాసు పొయ్యి ఇంట్లో ఉండి కూడా, సిలిండరు అయిపోతుందని కట్టెలే కాల్చేది. ఆ పొగ తగ్గిన తరువాత దగ్గు తగ్గింది. చుట్ట కాల్చే పెద్దమ్మలకు కూడా ఇదే మాట. రెండు వారములకు మించి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష తప్పక చేయించుకోవలెను. మలబద్ధకం ఉంటే ముక్కి ముక్కి ఈ కండరములు ఇంకా వదులవుతాయి గనుక ఆకుకూరలు, జొన్నరొట్టె, పండ్లు, తగినన్ని నీళ్ళు అవసరం. ఒళ్ళు ఎక్కువగా ఉన్నవారు కొంత బరువు తగ్గితే ఈ బాధ కూడా తగ్గుతుంది. టీ మితంగా త్రాగాలి. పత్తి బస్తా ఒక్కరే ఎత్తకుండా ఇద్దరు పట్టుకోవాలి.

నీళ్ళ సంగతి వేరుగా చెప్పవలెను. జారుతుందనే భయంతో స్త్రీలు నీళ్ళు త్రాగుట మానివేస్తారు. మన మెట్ట ప్రాంతపు ఎండలో ఇది చాలా ప్రమాదం. మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, ఇన్ఫెక్షను వస్తుంది, రాళ్ళు ఏర్పడతాయి. మూత్రసంచి రేగి ఇంకా తొందరపెడుతుంది. నీళ్ళు మానుట ఈ రోగానికి మందు కాదు, రెండవ రోగానికి పిలుపు.

కసరత్తు చేసినా తగ్గనివారికి పై మెట్లు ఉన్నవి. మెత్తని సిలికాన్ రింగు వంటి సాధనాన్ని లోపల అమర్చి మూత్రపు దారికి ఆనుగా ఉంచుతారు. ఆపరేషను వద్దనుకొనే వారికి, చేయించుకోలేని వారికి ఇది ఉపయోగం. మూత్రపు దారి గోడలో సూదిమందు ఎక్కించి దానిని కొంత ఇరుకు చేసే పద్ధతి ఉన్నది, అయితే దాని ఫలితం కొన్నాళ్ళకు తగ్గి మళ్ళీ చేయించుకోవలసి రావచ్చును. ఆపరేషనులలో, మూత్రసంచి మెడ భాగాన్ని కుట్లతో పైకి లేపి కట్టేది ఒకటి. ఆ స్త్రీ శరీరం నుండే తీసిన పొరతో మూత్రపు దారి క్రింద ఊయలలా ఆధారం కట్టేది మరొకటి. ప్లాస్టిక్ జాలీ పట్టీని అదే చోట అమర్చేది ఇంకొకటి. ఈ జాలీ పట్టీ పద్ధతి 1990లలో స్వీడన్ దేశం నుండి లోకమంతటా వ్యాపించింది. చాలామందికి మేలు చేసింది. కాని కొందరికి ఆ పట్టీ లోపల ఒరిసి, విడువని నొప్పి మిగిల్చినందున 2018లో బ్రిటన్ దేశంలో దాని వాడకాన్ని ఆపి ఉంచారు. కాబట్టి ఎవరైనా ఆపరేషను చెప్పినప్పుడు, ఏ పద్ధతి, జాలీ పెడతారా, ఎటువంటి ఇబ్బంది రావచ్చును, తరువాత తీయవలసి వస్తే ఎలా అని నాలుగు ప్రశ్నలు అడుగుట మన హక్కు. ఇంకా బిడ్డలు కావాలనుకొనే స్త్రీలు సాధారణంగా కాన్పులు అయిన తరువాతనే ఆపరేషను సంగతి ఆలోచించవలెను.

ఈ మెట్లలో గర్భసంచి తీసివేయుట ఎక్కడా లేదు. దీనిని తల్లులూ తండ్రులూ గుర్తుంచుకోవలెనని మనవి. మంచం నులక వదులైతే నులక బిగిస్తామా, ఇంటి దూలం పీకుతామా? గర్భసంచి తీసినందువలన దగ్గితే జారే మూత్రం ఆగదు. కొందరిలో ఆ ఆపరేషను తరువాత ఈ బాధ ఎక్కువ కావచ్చును కూడా. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశం మొత్తం మీద 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి సుమారు ముగ్గురికి గర్భసంచి తీసి ఉండగా, మన తెలంగాణలోను, పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లోను నూటికి సుమారు ఎనిమిది మందికి పైగా తీసి ఉన్నట్లు తేలింది. నిజంగా అవసరమై తీసినవి కొన్ని ఉంటాయి. గడ్డలు, ఆగని రక్తస్రావం, క్యాన్సరు వంటి కారణములున్నప్పుడు వైద్యులు చెప్పినట్టు చేయవలసినదే. కాని తెల్లబట్టకూ, నడుమునొప్పికీ, మూత్రం జారుటకూ గర్భసంచిని తీయించుకొని, చిన్న వయస్సులోనే ఎముకలు బలహీనపడి, అప్పులపాలైన అక్కలు మన సంఘములలో ఎందరున్నారో మీరే లెక్కపెట్టి చూడండి. తొందరపెట్టేవారి మాట వినకుండా మరొక వైద్యుని కూడా అడగండి. మహబూబ్‌నగర్‌లో 2016లోను, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనవి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉన్నది. అంత దూరం పోలేనివారు ముందుగా మీ ఊరి ఆశా అక్కనో, ఏఎన్ఎంనో అడిగి పీహెచ్‌సీకి వెళ్ళండి.

మూత్రం జారే బాధలన్నీ ఒకటే కావు అని కూడా తెలుసుకొన్నాము. దగ్గినప్పుడు జారుట ఒక రకం. తొందర పుట్టి, దొడ్డి వరకు చేరేలోగా జారుట వేరొక రకం, దానికి వేరే అలవాట్లు, మందులు ఉన్నవి. రెండూ కలిసినవారూ ఉంటారు. షుగరు వలన, మూత్రపు ఇన్ఫెక్షను వలన కూడా రావచ్చును. కష్టమైన కాన్పు తరువాత రాత్రింబగళ్ళు ఆగకుండా కారుతూ ఉంటే అది మూత్రసంచికి రంధ్రం పడిన గుర్తు కావచ్చును. దానికి కసరత్తు చాలదు, కాని ఆపరేషనుతో బాగుపడే అవకాశం చాలా ఉన్నది. మూత్రంలో రక్తం పడినా, అసలు మూత్రమే రాకపోయినా, కాళ్ళలో స్పర్శ తగ్గినా ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవలెను.

ఇప్పుడు సంఘములకు, ముఖ్యముగా పురుషులకు ఒక మాట. మా పెద్దలు ఈ జిల్లాలలో మందిరములతో పాటు ఆసుపత్రులు కూడా కట్టారు. మెన్నోనైట్ బ్రెదరన్ మిషన్ వారు జడ్చర్లలో స్థాపించిన మెడికల్ సెంటరులో పుట్టిన బిడ్డలు ఈ రోజు మన సంఘములలో తాతలై కూర్చున్నారు. ఆత్మను గూర్చి చెప్పిన నోటితోనే శరీరాన్ని గూర్చి చెప్పుటకు వారు సిగ్గుపడలేదు. మనకెందుకు సిగ్గు? మా సంఘంలో ఇప్పుడు మూడు పనులు చేశాము. మందిరం పక్కన ఆడవారికి నీళ్ళ వసతితో మరుగుదొడ్డి కట్టించాము. ప్రార్థనలో మోకాళ్ళూనలేనివారు కూర్చుండియే ప్రార్థించవచ్చునని, దేవుడు మోకాళ్ళను కాక హృదయమును చూచునని ప్రకటించాము. స్త్రీల సమాజం నెలకొకసారి కూడినప్పుడు ఏఎన్ఎంను పిలిపించి, మా ఇంటి అమ్మగారి ఆధ్వర్యంలో ఈ కసరత్తు నేర్పిస్తున్నారు. గర్భిణీలు, బాలింతలు ముందుగానే నేర్చుకొంటే ఈ బాధ రాకుండా చాలావరకు కాపాడుకోవచ్చును గనుక వారిని ముందు కూర్చోబెడుతున్నారు. మొదటి నెల వచ్చినవారు పదునాలుగు మంది. అందులో తమకు కూడా ఈ బాధ ఉన్నదని చేయి ఎత్తినవారు తొమ్మిదిమంది. మేము ఇన్ని సంవత్సరములు ఎవరికి బోధించామో మాకు ఆ దినాన తెలిసింది.

భర్తలారా, మీ భార్య బస్సు ప్రయాణం వద్దంటే, పెండ్లికి రానంటే, పక్క వేరుగా వేసుకొంటే, కోపపడక ముందు కారణం అడగండి. కోడళ్ళారా, అత్త చీర తడిసినదని ముక్కు మూసుకొనక ముందు, ఆమె ఎన్ని కాన్పులు కన్నదో తలంచుకోండి.

మార్కు సువార్త అయిదవ అధ్యాయంలో పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ ఉన్నది. అనేక వైద్యుల చేతిలో బాధలు పడి, ఉన్నదంతా ఖర్చు చేసి, ఇంకా చెడిపోయిన స్త్రీ. లేవీయకాండపు ధర్మశాస్త్రం ప్రకారం ఆమె ముట్టినది అపవిత్రం. అందుకే ఆమె ఎదుటికి రాలేదు, గుంపులో వెనుకనుండి వచ్చింది. ఎన్నోసార్లు ఆ భాగం చదివి, విశ్వాసమును గూర్చి బోధించాము. వెనుక నుండి ఎందుకు వచ్చినదో ఒక్కసారీ ఆలోచించలేదు. ప్రభువు ఆగాడు. ఆమెను కోపగించలేదు, గద్దించలేదు. అందరి యెదుట కుమారీ అని పిలిచాడు. వెనుక నుండి వచ్చిన వారి కొరకు ఆగుట ఆయనకు తెలుసు. ఆయన సేవకులమని చెప్పుకొనే మేము ఇప్పుడు నేర్చుకొంటున్నాము.

ఆ సహోదరి సంగతి చెప్పి ముగిస్తాము. సరిచేసిన తరువాత నాలుగు నెలలు విడువకుండా కసరత్తు చేసింది. పూర్తిగా నయమైనదని చెప్పలేము. పత్తి బస్తా ఎత్తితే ఇప్పటికీ కొంచెం జారుతుందట. మునుపు దినమునకు నాలుగైదు గుడ్డలు మార్చేది, ఇప్పుడు ఒక్కటి చాలునట. ఆపరేషను సంగతి తరువాత చూద్దామని వైద్యురాలు, ఆమె కలిసి నిర్ణయించుకొన్నారు. బర్రె కొట్టంలోనే ఉన్నది, మొన్న ఈనింది.

పోయిన క్రిస్మసు ఆరాధనకు ఆమె వచ్చింది. ముందు వరుసలో కాదు, మధ్యలో కూర్చున్నది. కీర్తన మొదలైనప్పుడు రెండు చరణముల వరకు ఊరకే ఉండి, మూడవ చరణం నుండి పాడింది. మధ్యలో ఒకసారి దగ్గు వచ్చింది. ఒక్క నిమిషం ఆగి, మళ్ళీ అందుకొన్నది. మా సహధర్మచారిణి మా వైపు చూచింది. మేము పాట పుస్తకంలోకి తల వంచుకొన్నాము.

ఈ మాటలు చదివే సహోదరీలలో ఎవరు వెనుక వరుసలో కూర్చున్నారో మాకు తెలియదు, ప్రభువుకు తెలుసు. ఆయన మీకు ధైర్యమును, నమ్మకమైన ఒక స్నేహితురాలిని, మంచి వైద్యురాలిని దయచేయును గాక. ఆమేన్.